272 హార్స్‌పవర్ లెక్క: డెన్వర్‌లోనూ డల్లాస్‌లోనూ ఒకే కారును డైనో ఎక్కించిన నా అనుభవం

2022 ఆగస్టులో డెన్వర్ శివారులోని ఒక ట్యూనింగ్ షాపు నుంచి నేను రెండు కాగితాలు చేతబట్టుకుని బయటికి వచ్చాను. మొదటిది నా కారుకు ఏ మార్పూ చేయకముందు తీసిన డైనో (కారు శక్తిని కొలిచే యంత్రం) చార్టు. రెండోది ఈసీయూ రీమ్యాప్ చేసిన తరువాత, అంటే ఇంజినును నడిపే కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్ మార్చాక, అదే రోజు సాయంత్రం తీసినది. కారు 2016 ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిను, ఆరు గేర్ల మాన్యువల్. అమెరికాలో ఆ ఇంజినుకు కంపెనీ ప్రకటించిన శక్తి 210 హార్స్‌పవర్. అది ఇంజిను దగ్గర ఉండే శక్తి. గేర్‌బాక్సులోనూ, డిఫరెన్షియల్‌లోనూ, టైర్ల రాపిడిలోనూ కొంత పోగా చక్రాల దగ్గర మిగిలినదాన్నే డైనో కొలుస్తుంది. అలాంటిది, ఏ మార్పూ లేని నా కారుకు మొదటి కాగితం మీద చక్రాల దగ్గరే 218 అని ఉంది. రెండో కాగితం మీద 272. షాపు యజమాని దారిలో 15 శాతం పోయి ఉంటుందని ఆ 272ను 0.85తో భాగించి, ఇంజిను దగ్గర 320 ఉన్నట్టేనని చెప్పి నా భుజం తట్టాడు.

కారు నిజంగానే మారింది. మూడో గేరులో కాలు వేయగానే ముందుకు లాగే తీరు వేరుగా ఉంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఇంటికి వెళ్లే దారంతా ఆ 218 నా మనసును తొలుస్తూనే ఉంది. ఇంజిను దగ్గర 210 పుట్టి, దారిలో కొంత ఖర్చయి, చక్రాల దగ్గరికి 218గా ఎలా చేరుతుంది? కంపెనీ తన ఇంజినును తక్కువ చేసి చెప్పుకుంటూ ఉండాలి, లేదా డైనో ఎక్కువ చేసి చెబుతూ ఉండాలి. ఈ రెంటిలో ఏది ఎంత అన్నది తేల్చుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

ఆ రాత్రి భోజనం అయ్యాక కాగితాలను బల్ల మీద పక్కపక్కన పరిచి, గీతల కింద చిన్న అక్షరాల్లో ఉన్నదంతా చదివాను. డైనోజెట్ కంపెనీ డైనో ఇచ్చే చార్టు మీద పెద్ద అంకెల కంటే ఈ చిన్న అక్షరాలే ముఖ్యమని నాకు అప్పటివరకు తెలియదు. అక్కడ గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత, తేమ, వాటి నుంచి లెక్కకట్టిన కరెక్షన్ ఫ్యాక్టర్ (సవరణ గుణకం) ఉంటాయి. నా మొదటి కాగితం మీద ఆ ఫ్యాక్టర్ 1.24, రెండో కాగితం మీద 1.27. అంటే డైనో మొదటిసారి నిజంగా కొలిచింది 176 మాత్రమే, దాన్ని 1.24తో గుణిస్తే 218 అయింది. రెండోసారి కొలిచింది 214, దాన్ని 1.27తో గుణిస్తే 272 అయింది. ఒకే గదిలో, ఒకే రోజున, కొన్ని గంటల తేడాతో ఫ్యాక్టర్ ఎందుకు మారిందని చూస్తే, మొదటి కాగితం మీద ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, రెండో దాని మీద 38 డిగ్రీలు అని ఉంది. సాయంత్రం షాపులో గోడకున్న థర్మామీటరు 28 చూపించడం నాకు బాగా గుర్తుంది. అప్పుడు తట్టింది: రెండోసారి వాతావరణ కొలతల సెన్సరు ఉన్న స్టాండును కారుకు ఆనుకుని, ఇంజిను వేడిగాలి తగిలే చోట పెట్టారు. గాలి 10 డిగ్రీలు వేడెక్కినట్టు కనిపిస్తే ఫ్యాక్టర్ సుమారు 2 శాతం పెరుగుతుంది. రెండు పరుగులకూ 1.24నే వాడి ఉంటే 272 బదులు 265 వచ్చేది. ఆ ఏడు హార్స్‌పవర్ ఇంజినులో పుట్టినవి కావు, ఒక స్టాండును జరిపిన చోట పుట్టినవి. కావాలని చేశారని నేను అనుకోవడం లేదు. కానీ నేను డబ్బు కట్టిన మార్పు ఎంత ఇచ్చిందన్నదే నాకు కావలసిన సమాధానం కాబట్టి, ఆ ఏడూ నాకు చిన్నవిగా అనిపించలేదు.

ఇక్కడ డైనో పని గురించి కొంచెం చెప్పాలి. ఈ రకం డైనోలో చక్రాల కింద బరువైన ఉక్కు డ్రమ్ము ఉంటుంది. దాని జడత్వం ముందే కచ్చితంగా తెలుసు. కారు ఆ డ్రమ్మును ఎంత త్వరగా వేగం ఎక్కించిందో చూసి, చక్రాల దగ్గరి శక్తిని లెక్కకడతారు. ఇది భౌతికశాస్త్రం, ఇందులో ఊహకు చోటు తక్కువ. ఆ శక్తిని ఇంజిను వేగంతో భాగిస్తే టార్క్ (తిప్పే బలం) వస్తుంది. ఆ తరువాత వచ్చే గుణకారమే వేరే సంగతి. ఈ రోజు, ఈ ఊళ్లో, ఈ గాలితో కారు ఇచ్చింది ఇంత. అదే కారు ఒక ప్రామాణికమైన గాలిలో ఉంటే ఎంత ఇచ్చేదన్నది ఆ గుణకారం చెప్పాలనుకుంటుంది. మొదటిది కొలత, రెండోది అంచనా. కాగితం మీద మాత్రం రెండూ కలిసిపోయి ఒకే అంకెగా కనిపిస్తాయి.

అమెరికాలో ఎక్కువగా వాడేది ఎస్‌ఏఈ (ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం) వారి జె1349 సూత్రం. పొడిగాలి ఒత్తిడి 990 మిల్లీబార్లు, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్న గాలిని అది ప్రమాణంగా తీసుకుంటుంది. 990ని ఆ రోజు పొడిగాలి ఒత్తిడితో భాగించి, ఉష్ణోగ్రతల నిష్పత్తి వర్గమూలంతో గుణించి, వచ్చినదాన్ని 1.18తో గుణించి, చివరికి 0.18 తీసివేస్తారు. ఆ 1.18, 0.18 ఊరికే వచ్చినవి కావు. ఇంజిను లోపల పుట్టే శక్తిలో 85 శాతమే బయటికి వస్తుందని, మిగిలినది సొంత రాపిడికే పోతుందని, ఆ రాపిడి మాత్రం గాలి పలచబడినా తగ్గదని ఆ సూత్రం అనుకుంటుంది. అందుకే పుట్టిన శక్తిని సవరించి, రాపిడిని సవరించకుండా వదిలేస్తుంది. ఆలోచన చక్కగానే ఉంది. అయితే సవరణ కొద్ది శాతాన్ని దాటకూడదని, దాటితే దాన్ని ప్రామాణికం కాని పరీక్షగా రాయాలని ఆ ప్రమాణమే చెబుతోంది. నా కాగితం మీద సవరణ 27 శాతం. ఆ హద్దుకు ఎన్నో రెట్లు. పాత ఎస్‌టీడీ సవరణలో ప్రామాణిక గాలి ఇంకా చల్లగా, ఇంకా చిక్కగా ఉంటుంది కాబట్టి, సముద్రమట్టం దగ్గర అది ఎస్‌ఏఈ కంటే సుమారు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. చార్టులో ఏ సవరణ వాడారన్నది కూడా చిన్న అక్షరాల్లోనే ఉంటుంది.

డెన్వర్ సముద్రమట్టానికి ఒక మైలు ఎత్తున ఉంది. రాష్ట్ర శాసనసభ భవనం మెట్ల మీద ఆ ఒక మైలు ఎత్తును సూచించే గుర్తు ఉంటుంది. ఒకటి కాదు, మూడు మెట్ల మీద మూడు గుర్తులు. వేర్వేరు కాలాల్లో కొలిచినప్పుడు వేర్వేరు మెట్లు తేలాయి. నేను పుట్టిన నెల్లూరులో ఎత్తు అన్న మాటే అవసరం పడదు, ఇక్కడ మాత్రం అన్నం ఉడకడం దగ్గర నుంచి అన్నిటా అది కనిపిస్తుంది. ఇక్కడి గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానికంటే ఇంచుమించు ఆరో వంతు తక్కువ. టర్బో లేని ఇంజిను బయటి గాలి ఎంత తోస్తే అంతే పీలుస్తుంది కాబట్టి, ఆ ఆరో వంతు శక్తినీ నిజంగానే పోగొట్టుకుంటుంది. అలాంటి కారుకు డెన్వర్‌లో 1.2కు పైగా ఫ్యాక్టర్ వాడితే ఫలితం నిజానికి చాలా దగ్గరగా వస్తుంది. టర్బో కారు విషయం అలా కాదు. టర్బో అంటే ఇంజిను పొగ తోపుకు తిరిగే టర్బైనుతో నడుస్తూ, గాలిని కుదించి ఇంజినులోకి తోసే పంపు. నా ఇంజినులోని ఈసీయూ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో (ఇంజినులోకి గాలి వెళ్లే గొట్టంలో) ఇంత సంపూర్ణ ఒత్తిడి ఉండాలని లక్ష్యం పెట్టుకుంటుంది. బయటి గాలి పలచగా ఉంటే, ఎలక్ట్రిక్ మోటారుతో కదిలే వేస్ట్‌గేట్‌ను (పొగను టర్బైనుకు తగలకుండా పక్కకు వదిలే తలుపును) ఇంకొంచెం మూసి, టర్బైనును ఇంకా వేగంగా తిప్పి, ఆ లక్ష్యాన్ని అందుకోవడానికి ప్రయత్నిస్తుంది. అంటే ఎత్తు వల్ల కలిగే నష్టంలో చాలా భాగాన్ని టర్బో ముందే పూడ్చేసింది. పూడ్చిన గుంతలోనే మళ్లీ మన్ను పోసినట్టు, దాని మీద కాగితం మరో 24 శాతం కలుపుతోంది.

స్ప్రింగుతో మాత్రమే పనిచేసే పాత వేస్ట్‌గేట్ ఉన్న కార్ల లెక్క ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. అది బయటి గాలితో పోల్చి ఇంత బూస్ట్ (టర్బో అదనంగా కలిపే ఒత్తిడి) అని పట్టుకుంటుంది. సముద్రమట్టంలో 14.7 పీఎస్ఐ గాలికి 15 బూస్ట్ కలిస్తే 29.7, డెన్వర్‌లో 12.1కి అదే 15 కలిస్తే 27.1. తేడా పదో వంతు కూడా లేదు. గాలిని బట్టి మాత్రమే చూస్తే తేడా ఐదో వంతుకు మించి ఉంది. ఒకే ఊళ్లో, ఒకే గదిలో నిలబెట్టిన మూడు రకాల కార్లకు మూడు రకాల సవరణలు కావాలి. డైనో సాఫ్ట్‌వేర్‌కు మాత్రం తన మీద నిలబడిన కారు ఏ రకమో తెలియదు.

నేను మళ్లీ షాపుకు వెళ్లి ఈ సంగతి అడిగాను. యజమాని విసుక్కోలేదు. డెన్వర్‌లో అందరూ సవరించిన అంకెలే ఇస్తారని, సవరించకపోతే తన దగ్గరికి వచ్చినవాళ్లు కాలిఫోర్నియా కారుతోనో టెక్సాస్ కారుతోనో పోల్చుకుని, డబ్బులు దండగ అయ్యాయని అనుకుంటారని చెప్పాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఎత్తుమీది ఊళ్లో వ్యాపారం చేసేవాడికి ముడి అంకె నష్టం తెస్తుంది. కానీ నేను అడిగింది పోలిక గురించి కాదు, ఆ అంకె నిజమా అని. దానికి ఆయన, డైనో ఏం చెబితే అదే నిజం అన్నాడు. అక్కడితో మాట ఆగిపోయింది.

మా అక్క, బావగారు డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు. బావగారు అమెరికా రాకముందు పుణెలో ఒక డీజిల్ ఇంజిన్ల ఫ్యాక్టరీ టెస్ట్ సెల్‌లో (ఇంజిన్లను పరీక్షించే గదిలో) ఆరేళ్లు పనిచేశారు. కాగితాలు ఫోటో తీసి పంపితే, ఆదివారం పొద్దున ఫోన్ చేశారు.

"ఏమోయ్, 218 చూసి ఎందుకంత కంగారు? ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు ఈ ఇంజినును తగ్గించి చెబుతారని అందరికీ తెలిసిందేగా" అన్నారు.

"తగ్గించి చెబుతారనే అనుకుందాం బావగారూ. అయినా 1.24తో గుణించడం న్యాయమేనా?"

ఆయన కొంచెంసేపు ఆలోచించి, తమ టెస్ట్ సెల్‌లో టర్బో ఉన్న డీజిలుకూ లేని డీజిలుకూ వేర్వేరు సూత్రాలు వాడేవాళ్లమని చెప్పారు. ఐఎస్‌ఓ 1585 అనే అంతర్జాతీయ ప్రమాణంలో టర్బో లేని డీజిలుకు ఒత్తిడి నిష్పత్తిని ఉన్నదున్నట్టుగా తీసుకుంటారు, టర్బో ఉంటే దాన్ని 0.7 ఘాతానికి తగ్గిస్తారు. అంటే టర్బో బయటి గాలి మీద తక్కువగా ఆధారపడుతుందన్న సంగతిని ఆ ప్రమాణం సూత్రంలోనే ఒప్పుకుంది. అదే ప్రమాణంలో పెట్రోల్ ఇంజిన్లకు సవరణ 0.93 నుంచి 1.07 మధ్యలో ఉండాలి. 1.24 అన్న అంకె తమ దగ్గర వచ్చి ఉంటే ఆ రోజు పరీక్షే ఆపేసేవాళ్లమని ఆయన అన్నారు. కానీ కంపెనీ తగ్గించి చెప్పిందన్న మాటను మాత్రం వదల్లేదు. "నువ్వే కిందికి రా, ఇక్కడ డైనో ఎక్కిద్దాం. గాలి విషయం గాలే తేలుస్తుంది" అన్నారు.

డిసెంబరులో సెలవులకు ఎలాగూ వెళ్లాలి. ఈసారి కారులోనే వెళ్లాలని నిర్ణయించుకుని, ముందు డెన్వర్‌లో మరో షాపులో, అదే కంపెనీ డైనో మీద, కొత్తగా కొలిపించాను. ఈసారి షరతులన్నీ నేనే రాసుకుని వెళ్లాను: నాలుగో గేరు, టైర్లలో 36 పీఎస్ఐ, బోనెట్ తెరిచి ఉంచడం, ఒకే చోట ఫ్యాను, ప్రతి మార్పుతో మూడు పరుగులు, పరుగుకూ పరుగుకూ మధ్య ఇంజిను చల్లబడటానికి ఒకే వ్యవధి, సెన్సరు స్టాండు కారుకు దూరంగా. ఈ పనిలో నేనొక పొరపాటుకు దగ్గరగా వెళ్లాను. ఫోనులో వాతావరణం చూస్తే డెన్వర్ ఒత్తిడి 1017 మిల్లీబార్లు అని ఉంది, డైనో తెర మీద 835 అని ఉంది. సెన్సరు పాడైందనుకుని అడగబోయాను. వాతావరణ సమాచారంలో ఇచ్చేది సముద్రమట్టానికి తెచ్చి చెప్పిన ఒత్తిడి అని, నిజంగా మనం పీల్చే గాలి ఒత్తిడి వేరని తరువాత అర్థమైంది. ఆ రోజు గదిలో 18 డిగ్రీలు, ఫ్యాక్టర్ 1.21. రీమ్యాప్‌తో మూడు పరుగుల్లో ముడి అంకెలు 221, 222, 220. పాత సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించి చూస్తే 178. సవరిస్తే 268, 215.

డెన్వర్ నుంచి డల్లాస్ సుమారు 800 మైళ్లు. దక్షిణంగా దిగి, న్యూమెక్సికో సరిహద్దులోని రాటన్ కనుమ దాటి, అమరిల్లో మీదుగా పోయే దారి అది. కారు డయాగ్నస్టిక్ సాకెట్‌కు చిన్న లాగర్ తగిలించి, ఈసీయూ కొలిచే బయటి గాలి ఒత్తిడిని ఫోను తెర మీద చూస్తూ వెళ్లాను. కనుమ మీద 760కి పడిపోయింది. అమరిల్లో చేరేసరికి 890. ఆపైన గంట గంటకూ పెరుగుతూ, ఫ్రిస్కో చేరే వేళకు 995 దగ్గర నిలిచింది. రోడ్డు చదునుగానే కనిపిస్తుంది, దిగుతున్నామని ఒంటికి తెలియదు. తెర మీద మాత్రం ఆ అంకె ఎక్కడా వెనక్కి తగ్గకుండా పెరుగుతూనే ఉంది. ఆ రోజంతా నేను చూసినదాంట్లో అదే నాకు అన్నిటికంటే నచ్చింది.

ఒక్క చిక్కు మిగిలింది, పెట్రోలు. కొలరాడోలో ప్రీమియం అంటే 91 ఆక్టేన్, డల్లాస్‌లో 93. ఆక్టేన్ ఎక్కువైతే ఈసీయూ స్పార్కును కొంచెం ముందుకు జరిపి శక్తిని పెంచుకోగలదు. అప్పుడు తేడా గాలిదా, పెట్రోలుదా అన్నది తేలదు. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేదాకా నడిపి, ఒక గ్యాస్ స్టేషన్‌లో 4 గ్యాలన్ల 87, 8 గ్యాలన్ల 93 కలిపి పోశాను. ఒకటికి రెండు వంతులు కలిపితే 91 వస్తుంది. పంపు దగ్గర నిలబడి బావగారు ఆ లెక్కను రెండుసార్లు సరిచూశారు.

టెక్సాస్ షాపులో ఆ రోజు గదిలో 18 డిగ్రీలు, పొడిగాలి ఒత్తిడి 985, ఫ్యాక్టర్ 0.99. అంటే ఇక్కడ సవరణ ఉన్నా లేనట్టే. సరిగ్గా అందుకే నేను అంతదూరం వెళ్లాను. రీమ్యాప్‌తో మూడు పరుగులు 250, 252, 249. సవరిస్తే 248. డెన్వర్ కాగితం ఇదే కారుకు 268 అని చెప్పింది. ఒకే తయారీ డైనోలైనా ఒకదానికీ మరోదానికీ ఒకటి రెండు శాతం తేడా ఉండవచ్చు, కానీ ఇరవై హార్స్‌పవర్ తేడాను దాని ఖాతాలో వేయలేం. డెన్వర్‌లో 221 ఇచ్చిన కారు ఇక్కడ 248 ఇచ్చిందంటే ఎత్తు వల్ల నిజంగా వచ్చిన నష్టం పూడ్చడానికి కావలసిన ఫ్యాక్టర్ 1.12. కాగితం వాడింది 1.21. పాత సాఫ్ట్‌వేర్‌తో 199 వచ్చింది, డెన్వర్ సవరణ 215 అన్నది. అక్కడ కూడా నిజమైన ఫ్యాక్టర్ 1.12 దగ్గరే తేలింది.

నా వాదన నెగ్గిందని నేను అక్కడితో ఆగిపోయి ఉంటే అసలు సంగతి తెలిసేది కాదు. ఆ రాత్రి అక్క పెట్టిన పెసరట్లు తింటూనే బావగారు రెండు చార్టుల ముడి అంకెలను ఒకే గ్రాఫు మీద గీశారు. గీతల మధ్య దూరం అంతటా ఒకేలా లేదు. 2000 ఆర్‌పీఎమ్ దగ్గర డెన్వర్‌లో టార్క్ 142 పౌండ్-అడుగులు, డల్లాస్‌లో 175; నిష్పత్తి 1.23. దాదాపు 3000 దగ్గర, టర్బో పూర్తిగా అందుకున్న చోట, డెన్వర్‌లో 268, డల్లాస్‌లో 281; నిష్పత్తి 1.05 మాత్రమే. శక్తి శిఖరానికి చేరే 5000 ప్రాంతంలో 1.12. ఇక 6000 దగ్గర డెన్వర్‌లో 190 హార్స్‌పవర్, డల్లాస్‌లో 228, మళ్లీ 1.20. గీత రెండు చివర్లలో ఎస్‌ఏఈ సవరణ దాదాపు సరిగ్గానే ఉంది. మధ్యలో మాత్రం ఘోరంగా తప్పింది.

కారణం లాగర్ రాసిన అంకెల్లో ఉంది. 2000 దగ్గర టర్బో ఇంకా లేవలేదు, ఇంజిను టర్బో లేని ఇంజినులాగే బయటి గాలి మీద బతుకుతోంది, కాబట్టి పూర్తి నష్టం కనిపిస్తుంది. 3000 దగ్గర రెండు ఊళ్లలోనూ మ్యానిఫోల్డ్ ఒత్తిడి ఒక్కటే, 2.4 బార్. వేస్ట్‌గేట్ డల్లాస్‌లో ఇంకా సగం తెరిచి ఉంది, డెన్వర్‌లో చాలావరకు మూసుకుంది. ఈసీయూ తన చేతిలో ఉన్న మిగులును వాడుకుని లెక్క సరిచేసింది. అయినా ఐదు శాతం తేడా ఎందుకు మిగిలిందంటే, డల్లాస్‌లో గాలిని 2.4 రెట్లు కుదిస్తే చాలు, డెన్వర్‌లో 2.9 రెట్లు కుదించాలి. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, మొదటి దాంట్లో గాలి సుమారు 120 డిగ్రీలు వేడెక్కుతుంది, రెండో దాంట్లో 150 దాకా. ఇంటర్‌కూలర్ చాలావరకు చల్లార్చినా, లోపలికి వెళ్లే గాలి డల్లాస్‌లో 41 డిగ్రీలు, డెన్వర్‌లో 54 ఉంది. వేడిగాలి పలచన, పైగా నాకింగ్ (సిలిండరులో పెట్రోలు అదుపు తప్పి పేలడం) రాకుండా ఈసీయూ స్పార్కును వెనక్కి జరుపుతుంది. 6000 దగ్గర కథ మళ్లీ మారుతుంది. ఈ కారుకున్నది చిన్న టర్బో. డెన్వర్‌లో వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకుపోయింది, ఇక మిగులు లేదు, ఒత్తిడి లక్ష్యం కంటే కిందికి జారిపోయింది. చేతులెత్తేసిన టర్బో మళ్లీ బయటి గాలికి లోబడిపోయింది.

గీత మొత్తాన్ని ఒకే అంకెతో గుణించే ఏ సవరణా ఈ కారును సరిగ్గా చెప్పలేదని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది. డెన్వర్ కాగితం మీద సవరించిన టార్క్ 325. ఆ టార్క్ ఈ కారుకు ఏ ఊళ్లోనూ లేదు. 325ను నమ్మి, పాత క్లచ్ అంత తట్టుకోదని దాన్ని మార్చుకున్నవాళ్లు నాకు తెలుసు; అందుకే ఇది కేవలం గొప్పలకు సంబంధించిన సంగతి కాదంటున్నాను.

బావగారి మాట కూడా నిలిచింది, అది చెప్పకపోతే తప్పు. పాత సాఫ్ట్‌వేర్‌తో, సవరణ లేనట్టే ఉన్న డల్లాస్ గాలిలో, చక్రాల దగ్గర 199 వచ్చింది. దారిలో 10 శాతం పోయిందనుకుంటే ఇంజిను దగ్గర 221, 15 శాతం అనుకుంటే 234. ఎలా చూసినా ప్రకటించిన 210 కంటే ఎక్కువే. అయితే ఆ శాతమే గట్టి లెక్క కాదు. గేర్‌బాక్సులో నూనెను చిలికే నష్టం వేగాన్ని బట్టి ఉంటుంది, రీమ్యాప్ చేసినంత మాత్రాన అది శక్తితో పాటు సమానంగా పెరగదు. శక్తి పెరిగిన కారుకూ అదే 15 శాతం వాడితే, లేని హార్స్‌పవర్ మరికొన్ని పుట్టుకొస్తాయి. జర్మనీ మాహా డైనోలలో పరుగు అయ్యాక క్లచ్ నొక్కి చక్రాలను తమంతట తాము ఆగనిచ్చి, ఆ నష్టాన్ని విడిగా కొలుస్తారు. ఊహించిన శాతం కంటే అది ఎంతో మేలు. 320 అన్న అంకెలో వేడిగాలి తగిలిన సెన్సరు, టర్బోకు తగని సూత్రం, ఊహించిన 15 శాతం, ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

డైనోతో సంబంధం లేని కొలత ఒకటి కూడా కావాలనిపించి, 2023 వేసవిలో మారిసన్ దగ్గర కొండ అంచున ఉన్న బాండిమియర్ స్పీడ్‌వేకు వెళ్లాను. ఆ ఏడాది చివర్లో మూతపడిన ఆ పావు మైలు డ్రాగ్ ట్రాక్ సముద్రమట్టానికి 5,800 అడుగుల ఎత్తున ఉండేది. పావు మైలు చివర వేగం మొదట్లో చక్రాలు జారినా పెద్దగా మారదు, శక్తికీ బరువుకూ ఉన్న నిష్పత్తినే ఎక్కువగా చెబుతుంది. గంటకు మైళ్లలో ఉన్న ఆ వేగాన్ని 234తో భాగించి, ఘనం చేసి, పౌండ్లలో బరువుతో గుణిస్తే ఇంజిను శక్తి అంచనా వస్తుంది. నాతో కలిపి కారు 3,300 పౌండ్లు. నాలుగు పరుగుల్లో మంచిది 97.4 మైళ్లు, లెక్క 238 హార్స్‌పవర్ చెప్పింది. ఇంజినులో ఆ రోజు నిజంగా 320 ఉండి ఉంటే వేగం 107 దాటాలి. ఆగస్టు నాటి ముడి అంకె 214ను, దారిలో పోయే పదో వంతును కలుపుకుని చూస్తే, 238 దాని పక్కనే వచ్చి నిలబడింది.

మా తమ్ముడు బెంగళూరులో ఉంటాడు, వాడిది ఫోక్స్‌వ్యాగన్ పోలో ఒక లీటర్ టీఎస్ఐ. కంపెనీ చెప్పేది 110 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్). పోయిన నెల రీమ్యాప్ చేయించుకుని, "అన్నా, చక్రాల దగ్గరే 128 వచ్చింది" అని చార్టు పంపాడు. అందులో ఫ్యాక్టర్ ముద్రించలేదు. బెంగళూరు 920 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి మామూలు రోజుకు ఎస్‌ఏఈ సూత్రం వేసి చూస్తే 1.14 దాకా వస్తుంది. షాపులో అడిగి సవరణ లేని అంకె తీసుకోమన్నాను. 112 అని తెచ్చాడు. వాడికి కొంచెం కష్టంగానే అనిపించింది, కానీ వెంటనే చెన్నైలో డైనో ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాడు. రాసి పంపమంటే నేను ఐదే ఐదు మాటలు రాశాను: అదే గేరు, అదే టైరు ఒత్తిడి, అదే పెట్రోలు, మూడేసి పరుగులు, సెన్సరు కారుకు దూరంగా. సంక్రాంతి సెలవుల్లో వెళతానన్నాడు. ముడి అంకెలున్న ఫైలు చేతికి రాగానే, 3000 ఆర్‌పీఎమ్ దగ్గర నిష్పత్తి ఎంత వచ్చిందో చూడాలి.